మా అమ్మ ఊపిరి తీసుకున్న చోట

నేను పుట్టు పిరికివాణ్ణి. సినిమాలకు సంగీతం చేసినవాళ్ళు తమ కథ చెప్పుకునేటప్పుడు, ఉయ్యాలలో ఉన్నప్పుడే తాళం వేశామనీ, గురువుగారు తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నారనీ మొదలుపెడతారు. నాకు అట్లాంటి భోగాలేవీ జరగలేదు. నేను మొదట విన్న సంగీతం పక్కింటి చావులోది. అది విని నిక్కరు తడుపుకున్నాను. నాటకాలకు వాయించి, మద్రాసు పోయి, నలుగురి నోళ్ళలో నలిగే పాటలు కట్టాక కూడా ఆ భయం నన్ను వదల్లేదు. దాని సంగతే చెప్పాలని కూచున్నాను.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ వేస్తాం, పడకపోతే మొగులు కేసి చూస్తూ కూచుంటాం. మా ఊళ్ళో ఎవరైనా పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, రాగం తీసి ఏడుస్తారు. శవం పక్కన కూచుని ముందు ఒకామె మొదలుపెడుతుంది. దాన్ని రాగం ఎత్తుకోవడం అంటారు. పోయిన మనిషి ఏం తినేవాడు, ఎవరిని తిట్టేవాడు, ఏ చేనికి ఏ దోవన పోయేవాడు, అన్నీ ఆ రాగంలోనే వస్తాయి. మిగతా ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని వెనక అందుకుంటారు. బాగా ఎత్తుకునే ఆడమనిషి ఇంట్లో ఉందంటే ఊళ్ళో ఆ ఇంటికి ఒక మర్యాద. మా ఇంట్లో ఆ మర్యాద మా జేజిది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి.

అయితే దానికొక కట్టడి ఉంది. చావు లేని ఇంట్లో ఆ రాగం తీయకూడదు. కూనిరాగంగా కూడా కూడదు. తీస్తే, తనను పిలిచారనుకుని చావు వాకిట్లోకి వస్తుందంటారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. పక్కింటి చావులో విన్న రాగం నాలుక మీద ఆడుతూ ఉంటే, రోటి మీద కూచుని నాకు తెలియకుండానే తీశాను. మా జేజి చీపురు పట్టుకుని వచ్చింది.

"ఎవుర్ని పిలుస్తాండావురా మా ఇంటికి?" అంది.

కొట్టినా ఇంత భయం వేసేది కాదు. నన్ను వీధిలోకి ఈడ్చి, మూడుసార్లు నోరు పుక్కిలింపజేసి ఉమ్మించి, గడప మీద నీళ్ళు చల్లి గానీ లోపలికి రానివ్వలేదు. ఆ వారంలోనే మా పాడి ఎనుము ఈనలేక చచ్చిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నేనే పిలిచానని నాకు తెలుసు. చాలా ఏళ్ళు ఎనుము కళ్ళ కేసి చూడలేకపోయాను, ఏ ఇంటి ఎనుమైనా సరే.

పదిహేనేళ్ళకు ఒక నాటక సమాజంలో హార్మోనిస్టు వెంట తిరగడం మొదలుపెట్టాను. పద్యనాటకంలో హార్మోనియం వాయించడమంటే పులితో సాము. వేషగాడు పద్యం ఎత్తుకుని రాగాన్ని ఎక్కడికి లాక్కుపోతాడో అతనికే తెలియదు. వెనక మనం పోవాలి. ఒక్క స్వరం తప్పామా, కిరీటం పెట్టుకున్న ఆ మహానుభావుడు పద్యం ఆపి జనం ముందే కళ్ళెర్రజేసి చూస్తాడు. ఆ చూపుకు భయపడి నా వేళ్ళు నేర్చుకున్నాయి. పాడేవాడి గొంతు ఇంకో క్షణంలో ఎటు తిరుగుతుందో అతని మెడ నరం చూసి పట్టేసేవాణ్ణి. మడకశిర వైపు కన్నడ వాళ్ళు కూడా "పెట్టె వాయించే పిల్లోడు గట్టోడు" అనేవాళ్ళు. గట్టితనం కాదు, బెదురు. వాళ్ళకేం తెలుసు.

యాభైల మొదట్లో మా వైపు గట్టి కరువు వచ్చింది. నాటకాలు ఆడించేవాళ్ళు లేక నేను ఇంటి పట్టునే ఉన్నాను. బావులన్నీ ఎండిపోతే లోతు తవ్వడానికి మగవాళ్ళు దిగేవాళ్ళు. మా నాయన కూడా దిగాడు. ఒకరోజు పొద్దున దిగిన మనిషిని మధ్యాహ్నానికి మంచం మీద మోసుకొచ్చారు. పైనుంచి రాతి గుండు జారి పడిందట. ముఖానికి ఏమీ కాలేదు, నిద్రపోతున్నట్టే ఉంది. అది చూసే నేను ఎక్కువ భయపడ్డాను.

ఆడవాళ్ళు చేరారు. అందరూ మా జేజి వైపు చూశారు, ఎత్తుకోవాల్సింది ఆమె గనక. కడుపున పుట్టిన కొడుకు ముందర ఆమెకు గొంతు పెగల్లేదు. నోరు తెరుస్తుంది, మూస్తుంది. అప్పుడు మా అమ్మ ఎత్తుకుంది.

మా అమ్మ అంతవరకు ఏ చావులోనూ ముందుండి ఎరగదు. మెత్తటి మనిషి, వెనకాల కూచుని అందుకునే రకం. ఆరోజు ఆమె తీసిన రాగం మా ఊళ్ళో అంతకు ముందు ఎవరూ వినలేదు. పై స్వరంలో మొదలై నాలుగు మెట్లు దిగి, అక్కడ ఆగిపోతుంది. ఆగిన చోట ఎక్కిలి వచ్చినట్టు ఊపిరి తీసుకుంటుంది. తీసుకుంటూ చెయ్యి నుదుటి మీదికి ఎత్తుతుంది, గాజులు గలగలమంటాయి. మళ్ళీ ఒక మెట్టు పైకి పోయి దిగుతుంది. వెనక ఆడవాళ్ళు అందుకోబోయి అందుకోలేక ఊరుకున్నారు. మా అమ్మ ఒక్కతే తీసింది. పొద్దు వంగేదాకా తీసింది. పదకొండో రోజు ఆ గాజులు పగలగొట్టారు.

ఒక సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పాలి. నాయన శవం ముందు కూచుని ఏడుస్తూనే ఉన్నాను, కానీ నా కుడిచేతి వేళ్ళు తొడ మీద ఆ స్వరాలను వెతుకుతున్నాయి. ఆపుదామన్నా ఆగలేదు. ఎడమచేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని కూచున్నాను.

కర్మలన్నీ అయిన తరువాత ఒకరోజు అన్నం తింటూ మా జేజి అంది: "నేను పోయినప్పుడు నాకూ అట్లనే ఎత్తుకోవాల కోడలా. ఇంగెవురి రాగమూ నాకొద్దు." మా అమ్మ "ఊరుకో అత్తా, తినేటప్పుడు ఏం మాటలవి" అంది. జేజి ఊరుకోలేదు. అది ఆమెకు అలవాటైపోయింది. పండగకు కొత్త చీర అడిగినట్టు అడిగేది. వచ్చేపోయే ఆడవాళ్ళను అరుగు మీద కూచోబెట్టుకుని "నా సావు సూడండి ఎట్లుంటాదో, నా కోడలు ఎత్తుకుంటే బెళుగుప్ప దాకా ఇనపడాల" అని గొప్పలు పోయేది. ముసలామెకు కొడుకు పోయాక మిగిలిన ముచ్చట అదొక్కటే. మేం నవ్వుకునేవాళ్ళం.

తరువాత మద్రాసు పోయాను. అక్కడ ఒక పెద్ద సంగీత దర్శకుడి దగ్గర చాలా ఏళ్ళు సహాయకుడిగా పడి ఉన్నాను. ఆయన బాణీ కడితే నేను గుర్తు పెట్టుకోవాలి, వాద్యగాళ్ళకు నేర్పాలి, ఆయన మరిచిపోతే గుర్తు చేయాలి, గుర్తు చేసినట్టు ఎవరికీ కనపడకూడదు. పిరికివాళ్ళకు సరిపోయే పని. బతుకు సాఫీగానే సాగేది, ఒక నిర్మాత నాకు సొంతంగా ఒక సినిమా ఇవ్వకపోయి ఉంటే.

ఆ సినిమాలో అన్ని పాటలూ ఎట్లాగో గట్టెక్కాయి. పెళ్ళిపందిట్లో ఆడవాళ్ళు పాడే పాట ఒకటి మిగిలింది. వారం రోజులు హార్మోనియం ముందు కూచుని పదకొండు బాణీలు వినిపించాను. దర్శకుడు కోస్తా వైపు మనిషి, మాట నాజూగ్గానే ఉంటుంది గానీ కోసుకుపోతుంది. పదకొండోది విని వక్కపొడి నములుతూ అన్నాడు: "ఏమండీ, ఇది పెళ్ళా, తద్దినమా? మీ బాణీలు వింటే పెళ్ళికూతురు పీటల మీంచి పారిపోయేలా ఉంది. భోజనాల వేళకి ఒకటి తేల్చండి. లేదంటే రేపట్నుంచి ఈ పెట్టె ముందు ఇంకొకరు కూచుంటారు. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎట్లా ఉంటాను? గోడ గడియారంలో పదకొండున్నర. ఈ సినిమా పోతే పాత గురువు మళ్ళీ చేర్చుకోడు. ఇంటికి పోతే, మద్రాసులో మా వాడు పెద్ద మనిషని ఊరంతా చెప్పుకుంటున్న మా జేజికి ముఖం ఎట్లా చూపించాలి? బుర్రలో ఒక్క స్వరం లేదు. కళ్ళు మూసుకుని వేళ్ళను మెట్ల మీద పెట్టాను. అవే కదిలాయి. పై స్వరంలో మొదలై నాలుగు మెట్లు దిగాయి.

నాకు తెలుసు. తెలియకుండా చేశానని అబద్ధం చెప్పను. రెండో పాదం దగ్గరికే తెలిసిపోయింది. చెయ్యి తీసేద్దామనుకుని, తీయలేదు. నడక హెచ్చించాను. నెమ్మదిగా జారే రాగాన్ని మూడు దెబ్బల తాళంలో గంతులు వేయించాను. డోలకు వాడికి సైగ చేశాను. మా అమ్మ ఊపిరి తీసుకున్న చోట ఖాళీ వచ్చింది. అక్కడ ఏం వేయాలో కూడా నా చేతికి తెలుసు. కోరస్ అమ్మాయిల్ని గాజులు ఆడించమన్నాను.

దర్శకుడు లేచి నిలబడ్డాడు. "అదీ! పెళ్ళంటే ఇదీ!" అని నా వీపు చరిచాడు. భోజనంలో నాకు ఒక్క ముద్ద దిగలేదు. సంతోషం పట్టలేక తినడం లేదనుకున్నారు.

రికార్డింగు నాడు పాడిన గాయని మంచి మనిషి. రెండు టేకులయ్యాక పక్కకు పిలిచి, "ఏమిటో మాస్టారూ, హుషారు పాటే, కానీ ఆ గాజుల దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోంది" అంది. నేను గొంతుకు మిరియాల పాలు తెప్పించాను. చేయగలిగింది అంతే అన్నట్టు నటించాను.

సినిమా ఒక మోస్తరుగా ఆడింది. పాట మాత్రం ఊళ్ళమీద పడింది. ఆ ఏడాది తెలుగు దేశంలో ఆ పాట లేకుండా పెళ్ళి జరగలేదంటే పెద్ద అబద్ధం కాదు. జనం దండలు వేస్తుంటే నేను తల వంచుకుని నిలబడేవాణ్ణి, వినయం అనుకునేవాళ్ళు. లోపల లెక్క వేరే ఉంది. ఇన్ని పెళ్ళిళ్ళలో, ఇన్ని మైకు బాకాల్లోంచి నేను చావును పిలుస్తున్నాను. ఒక్క కూనిరాగానికే నోరు పుక్కిలించినవాణ్ణి ఇప్పుడు ఎన్ని ఊళ్ళ గడపల మీద నీళ్ళు చల్లాలి? చదువుకున్నవాడివి, ఇవన్నీ నమ్ముతావా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. తిట్టుకున్నంతసేపు బాగానే ఉండేది.

అన్నిటికంటే పెద్ద భయం మా అమ్మ. ఆమె వింటే? నాయన పోయినప్పటి నుంచి సినిమాకు పోదు, అది ఒక ధైర్యం. మా ఊళ్ళో రేడియో లేదు, అది ఇంకో ధైర్యం. రెండేళ్ళు ఊరికి పోలేదు. కార్డు ముక్కలు రాస్తూ గడిపాను. ఇంతలో నాకంటే చాలా చిన్నదైన మా చెల్లెలికి పెళ్ళి కుదిరింది.

సంబంధం బుక్కరాయసముద్రంలో. చెరువు కింద ఊరు, మా చెల్లెలు బిందె పట్టుకుని మైళ్ళు నడవక్కరలేదని మా జేజి పట్టుబట్టి కుదిర్చింది. పెళ్ళి మా ఇంట్లో. నేను నాలుగు రోజులు ముందుగా పోయి, మొదట చెప్పిన మాట "మైకు వద్దు" అని. ఖర్చన్నాను, గోల అన్నాను, జేజికి తలనొప్పి అన్నాను. జేజికి అప్పటికి చెవులు సగం పోయాయి, పిడుగు పడినా ఎవరో తలుపు తట్టారనుకుంటుంది. అందరూ సరేనన్నారు.

ముహూర్తం నాడు పొద్దున మగపెళ్ళివారు బండ్లు దిగారు. మొదటి బండి మీద బాకా. పెళ్ళికూతురి అన్న సినిమా మనిషాయె, ఆయనను సంతోషపెట్టాలని అనంతపురం నుంచి మైకు సెట్టు వాళ్ళే తెచ్చారు. నేను మైకువాడి దగ్గరికి పరిగెత్తినట్టే నడిచాను. రికార్డులు చూస్తానని పెట్టె తెరిచి, నా పాట రికార్డు తీసి పంచె కింద పెట్టుకుని దాని మీద కూచున్నాను. ముప్పై దాటిన మనిషిని, తెల్ల పంచె, సిల్కు లాల్చీ, రికార్డు మీద పొదిగిన కోడిపెట్టలా కూచున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. అప్పుడు ప్రాణం గొంతులో ఉంది.

మైకువాడు పెట్టెలో వెతికి, నన్ను చూసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "భయపడొద్దన్నా! మీ పాట లేకుండా మా మైకు యాడికీ పోదు. అరిగిపోతాదని రెండు పెట్టుకోనుండాను" అని, అడుగు నుంచి ఇంకొకటి తీసి పెట్టేశాడు.

బాకా వేపచెట్టుకు కట్టారు, దాని నోరు పెరటి వైపు. పెరట్లో వంటల దగ్గర మా అమ్మ ఉంది. శుభకార్యంలో ముందుకు రాకూడదని ఆమె తనంత తానే అక్కడ ఉండిపోయింది. పక్కన నులకమంచం మీద జేజి. నేను పోయేసరికి పాట మొదటి చరణంలో ఉంది. మా అమ్మ గంటె పట్టుకుని నిలబడిపోయింది. గాజుల చప్పుడు వచ్చింది. ఆమె చెయ్యి సగం పైకి లేచి ఆగింది.

మాటలు వినపడని జేజికి రాగం మాత్రం వినపడింది. మంచం మీద లేచి కూచుని, వాకిట్లోకి వినపడేంత గట్టిగా అడిగింది: "ఎవురే పోయింది? కోడలా, నువ్వు ఈడనే ఉండావు, మరి ఎవురే నీ మాదిరి ఎత్తుకునేది?"

వంటవాళ్ళు పగలబడి నవ్వారు. "పెండ్లి పాట అవ్వా! నీ మనవడు కట్టినాడు!" అని ఒకామె ఆమె చెవిలో అరిచింది. జేజి నా కేసి చూసింది. రోటి మీద కూచున్నప్పుడు చూసిన చూపే. చీపురు కోసం వెతుకుతుందేమో అనుకున్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది. మా అమ్మ కళ్ళు తుడుచుకుని కూర కలిపింది. బిడ్డను పంపించే తల్లి గదా, ఏడవదా అన్నారు అందరూ. ఆమె నావైపు తిరగనైనా తిరగలేదు.

ఆ పూట పందిట్లో మా చెల్లెలి మెడలో తాళి పడుతుంటే నేను ఆమె ముఖం చూడలేదు, పందిరి రాటలు గట్టిగా ఉన్నాయా లేదా చూస్తూ నిలబడ్డాను. చావును పిలిచాను. ఎవరి పెళ్ళిలో పిలిచానో వాళ్ళ కోసమే వస్తుంది. ఇదే నా లెక్క. మద్రాసు తిరిగిపోయాక, తంతి వాడి సైకిల్ మా వీధిలోకి వస్తే నా చేతులు హార్మోనియం మీద కొయ్యబారేవి. చెల్లెలు నీళ్ళోసుకుందని కార్డు వచ్చింది. ఆ నెలలన్నీ ఎట్లా గడిపానో నాకే తెలుసు. రెండు సినిమాలకు బాణీలు కట్టాను, ఒక్కటీ గుర్తు లేదు. ఈనలేక చచ్చిన ఎనుము కళ్ళే కనపడేవి. ఎవరికి చెప్పుకుంటాను? సంగీత దర్శకుడికి తన పాట అంటే భయమని చెబితే ఏ నిర్మాత గడప తొక్కనిస్తాడు?

మగబిడ్డ పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. కార్డు పట్టుకుని స్టూడియో వరండాలో కూచుని పిల్లవాడిలా ఏడ్చాను. వాద్యగాళ్ళందరికీ మిఠాయి పంచాను. పోయింది, ఆ పీడ వదిలిపోయింది. అంతా మూఢనమ్మకం, నేనొక వెర్రివాణ్ణి. ఆ రోజు మొదటిసారి నా పాటను నేను ధైర్యంగా విన్నాను. మంచి పాటే అనిపించింది కూడా.

ఆ తరువాత కొన్నేళ్ళకు, మేనల్లుడు బడికి పోయే వయసులో, జేజికి బాగాలేదని తెలిస్తే చూడ్డానికి పోయాను. జబ్బేమీ లేదు, వయసు అయిపోయింది. నన్ను గుర్తుపట్టి గడ్డం పట్టుకుంది. మా అమ్మను పిలిచి, ఎన్నేళ్ళుగానో అడుగుతున్నదే మళ్ళీ అడిగింది: "నా కొడుక్కు ఎత్తుకున్నట్లే ఎత్తుకోవాల. మరిసిపోవద్దు." మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "అట్లే అత్తా" అంది. మరుసటి రోజు పొద్దు పొడిచే వేళకు జేజి పోయింది.

ఈ చావుకు నేను భయపడలేదు. నిండు బతుకు బతికిన మనిషి, కళ్ళు మూసుకుంది. వాకిట్లో పడుకోబెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. ఈ రాగం గురించి ఎన్నేళ్ళుగానో విని ఉన్నారు గనక పక్క పల్లెల నుంచి కూడా వచ్చారు. మా అమ్మ శవం తల దగ్గర కూచుంది. కళ్ళు మూసుకుని, "అత్తా..." అని పై స్వరంలో ఎత్తుకుంది. నాలుగు మెట్లు దిగింది. ఆగి ఊపిరి తీసుకుంది.

ఆ ఖాళీలో, వాకిలి అవతల ఆడుకుంటున్న పిల్లలు నా పాట రెండో పాదం అందుకున్నారు. పెళ్ళి మాటలతో, చప్పట్లతో. వాళ్ళ తప్పేముంది? వాళ్ళు పుట్టినప్పటి నుంచి అది పెళ్ళి పాటే. పెద్దవాళ్ళు అదిలించారు. పిల్లలు ఆగారు. కానీ మా అమ్మ వెనక కూచున్న కొత్త కోడళ్ళలో ఒకామె పెదవులు బిగబట్టి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కామె ఆమెను మోచేత్తో పొడిచింది, తనకూ నవ్వు ఆగడం లేదు. మా అమ్మ మళ్ళీ నోరు తెరిచింది. రెండు మెట్లు దిగింది. ఆ తరువాత ఆమె తల కూడా, ఇంత చిన్నగా, మూడు దెబ్బల తాళానికి ఊగింది. అది ఆమెకే తెలిసింది. ఆపేసింది. లేచి లోపలికి పోయింది.

నేను వెనకాలే పోయాను. గింజలు పోసుకునే చీకటి గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, అందరూ కాసుకోనుండారు. జేజి అడిగింది గదా. ఎత్తుకోమ్మా."

"యాడ ఎత్తుకునేది నాయనా? అది పెండ్లి పాట అయిపాయ. సావింట్లో పెండ్లి పాట పాడతారా?" అంది. ఆమె గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు. తెలియక అడిగినట్టు అడిగింది.

"పోనీ ఇంకొకటి తీయమ్మా." ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

"నీ మాదిరి పెట్టె ముందర కూచోని కట్టింటినా దాన్ని? మీ నాయన పోయిన్నాడు వచ్చింది, అంతే. పెండ్లి నాడే తెలిసె నాకు, అది నాది కాదని. ఊరికే ఉండినాను. నీకు అన్నం పెడతాండాది గదా అని." వాకిలి వైపు చూసింది. "మీ జేజికి మాట ఇచ్చినాను. ఇంగేం చేసేది సెప్పప్పా, నువ్వే సెప్పు."

చావు రాగం పెళ్ళింట్లోకి పోయిందని ఇన్నేళ్ళూ వణికాను. పెళ్ళి పాట చావింట్లోకి వచ్చి కూచుంటుందని ఒక్కసారీ తోచలేదు. రానిదానికి భయపడుతూ కూచున్నాను. మా అమ్మకు నాయన మిగిల్చి పోయింది ఆ ఒక్క ఏడుపు. దాన్ని నేను తీసుకుపోయి ఊరందరికీ ఇచ్చాను, ఆమెకు తప్ప.

జేజిని లేవదీశారు. మా ఊళ్ళో రాగం లేకుండా ఒక ఇంటి నుంచి శవం కదలడం అదే మొదలు. తప్పెట్లు మోగాయి. తప్పెట్లు ఆగినప్పుడల్లా కాళ్ళ చప్పుడు వినపడేది. నాయన లేడు గనక మనవణ్ణి నేనే నిప్పు కుండ పట్టుకుని ముందు నడిచాను. కుండ పట్టుకున్నవాడు వెనక్కి చూడకూడదంటారు మా వైపు. వీధి మలుపు దగ్గర చూశాను.

మా అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నోరు తెరిచింది. గాజులు లేని చెయ్యి నుదుటి మీదికి ఎత్తి, ఊపిరి తీసుకుంది. ఆ తరువాత ఏమీ రాలేదు.